వేడన్నంలో చిటికెడు చెక్క పొడి

నా చిన్నప్పుడు మా వాడ మొత్తానికి దాల్చిన చెక్క పొడి దొరికేది ఒక్క మా ఇంట్లోనే. మాడుగులపల్లి దగ్గరి ఊరు మాది. గొర్లు కాసే ఇళ్ళూ, కాలువ నీళ్ళు వచ్చాక కొత్తగా వరి పెట్టిన ఇళ్ళూ పక్కపక్కనే ఉండేవి. ఎవరికి జలుబు చేసినా, ఎవరి పన్ను సలిపినా, ఎవరింట్లో చుట్టాలొచ్చి కూర వండాల్సి వచ్చినా చిన్న గిన్నె పట్టుకుని మా గడప ఎక్కేవారు. ఆ పొడి మీద పెత్తనమంతా మా నాయనమ్మది. ఆమె చెయ్యి తగలకుండా ఆ డబ్బా మూత లేచేది కాదు.

ఇప్పుడు నేను కోదాడలో మా కొడుకు ఇంట్లో ఉంటున్నాను. ఇక్కడ ఏ కిరాణా కొట్టుకు పోయినా చెక్క పొడి సీసాల్లో వరసగా కనిపిస్తుంది. ఫోను తెరిస్తే చాలు, దాని మీద సలహాలే సలహాలు. పరగడుపున తాగితే నడుము సన్నబడుతుందట, షుగర్ దిగుతుందట, ముఖం మెరుస్తుందట. చెక్క మంచిదే. ఆ సంగతి నాకు ఫోను చెప్పనక్కరలేదు. కానీ దాన్ని ఎప్పుడు, దేనితో, ఎంత తినాలన్న దగ్గర మాత్రం నేను ఎవరి మాటా వినను. ఎందుకు విననో చెప్పాలంటే మా నాయనమ్మ దగ్గర మొదలుపెట్టాలి.

మా తాతయ్య ఏ పని మీద సూర్యాపేటకు పోయినా నాయనమ్మ చెప్పి పంపేది ఒకటే మాట, చెక్క మరవొద్దని. తెచ్చిన చెక్కను ఆమె ఊరికే డబ్బాలో వేసేది కాదు. ఒక్కో ముక్కను వాసన చూసేది, గోటితో గీకేది, కొసన చిన్న తునక కొరికి నోట్లో కాసేపు ఉంచుకునేది. ముందు తియ్యగా తగిలి ఆ తర్వాత మెల్లగా ఘాటెక్కితే అది మందుకు పనికొచ్చే చెక్క. అది కాగితమంత పలచగా, చుట్టలు చుట్టుకుని ఉండేది. మందంగా ఉండి నాలుకను మండించే ముక్కల్ని యాటమాంసం కూరకు పక్కన పెట్టేది. మిరపకాయలు దంచే రోటి దగ్గరకు చెక్కను పోనిచ్చేది కాదు. దానికి విడిగా చిన్న కల్వం ఉండేది. ఎండబెట్టిన చెక్కను అందులో నూరి, తాతయ్య పాత ధోవతి గుడ్డలో జల్లించి, ఇత్తడి డబ్బాలో పోసి మూత బిగించేది. ఆ రోజంతా మా ఇల్లు తియ్యటి వాసనతో ఉండేది, నేను కల్వం చుట్టే తిరిగేదాన్ని.

జలుబు దగ్గులకు తేనెలో రంగరించి నాకించేది. కడుపు ఉబ్బరమంటే పలచటి మజ్జిగలో వేసి, ఉప్పు కలిపి తాగమనేది. పన్ను సలిపితే లవంగంతో నూరి దూదిలో పెట్టి అదిమి పట్టుకోమనేది. జ్వరం తగ్గాక నోరు చేదుగా ఉండి అన్నం సహించనివాళ్ళకు చారులో వేసి ఇచ్చేది. ఏదైనా సరే చిటికెడే. బొటనవేలు, చూపుడువేలు కలిపితే ఎంత పడుతుందో అంత, మూడో వేలు కలవడానికి వీల్లేదు. ఎక్కువ వేస్తే ఎక్కువ పని చేస్తుందనుకునే వాళ్ళను చూస్తే ఆమెకు ఒళ్ళు మండేది. "గిది మందు, పప్పు కాదు" అని కసిరేది. కడుపుతో ఉన్నవాళ్ళకు ఇచ్చేది కాదు. జ్వరం దిగకపోయినా, రొమ్ములో నొప్పి అన్నా డబ్బా మూసేసి, మిర్యాలగూడ దవాఖానకు నడువమని తోలేది. తన మందు ఎంతవరకు పని చేస్తుందో తెలిసిన మనిషి కాబట్టే వాడలో ఆమె మాటకు అంత విలువ.

మా పక్కింట్లో పెద్ద మంద ఉండేది. ఆ ఇంటాయన మాకు వరసకు పెద్దనాయన, ఆయన భార్య పెద్దమ్మ. వాళ్ళ కొడుక్కి పెళ్ళయి కొత్త కోడలు వచ్చింది, నాకు వదిన. ఆమెది కోదాడ అవతల అనంతగిరి వైపు. ఆంధ్రకు దగ్గర కాబట్టి మాటలో ఆ తీరు తగిలేది, మేం పిల్లలం దాన్ని పట్టుకుని ఏడిపించేవాళ్ళం. ఆమె కోప్పడేది కాదు. నన్ను పిట్టగోడ మీద కూర్చోబెట్టి నూనె రాసి, చిక్కు తీసి, జడ వేసేది. మా అమ్మ చెయ్యి తగిలితే ఏడ్చే నేను వదిన దగ్గర కిక్కురుమనేదాన్ని కాదు. ఆమె అంటే నాకు అంత ఇష్టం.

వచ్చినప్పుడు నిండుగా ఉన్న మనిషి చూస్తుండగానే చిక్కిపోయింది. కారణం ఆ ఇంటి కట్టుబాటే. పొద్దున మంద దొడ్డిలోంచి కదిలి ఊరి పొలిమేర దాటేదాకా ఆ ఇంటి ఆడవాళ్ళు అన్నం ముట్టకూడదు. ముడితే మందకు అచ్చిరాదని వాళ్ళ ముత్తాతల నాటి నమ్మకం. మంద పొలిమేర దాటేసరికి పొద్దు బాగా ఎక్కేది. అప్పటికి వండినదంతా మగవాళ్ళ సద్ది మూటల్లోకీ, పిల్లల కంచాల్లోకీ పోగా కుండ అడుగున మాడు మిగిలేది. పెద్దమ్మ ఇంత గంజి గొంతులో పోసుకుని పనిలో పడేది. అత్త కూర్చుని తినకపోతే కోడలు ఎలా తింటుంది? ఇద్దరూ దొడ్డి ఊడ్చి, పెంట ఎత్తి, నీళ్ళు మోసి, మళ్ళీ పొద్దుగూకాక తినేవాళ్ళు. వదినను తినొద్దని ఎవరూ అనలేదు, తినమని కూడా ఎవరూ అనలేదు.

పెద్దమ్మ ఆ బతుక్కు అలవాటు పడిపోయింది. వదినకు మాత్రం కడుపులో మంట, త్రేన్పులు, కళ్ళు తిరగడం మొదలయ్యాయి. ఒకరోజు పెంట గంప ఎత్తుకుని దొడ్డిలోనే పడిపోయింది. ఆ రోజు పెద్దనాయన అరుగు మీద కూర్చుని అన్న మాటలు పిట్టగోడ ఇవతల ఉన్న నాకు వినిపించాయి. రోగిష్టి పిల్లను అంటగట్టారని, వాళ్ళ నాయన్ను పిలిపించి తోలించేద్దామని అన్నాడు. అలా పుట్టింటికి తోలిన కోడల్ని మళ్ళీ పిలిచే రోజులు కావవి. కొన్నాళ్ళకు కొడుక్కి ఇంకో సంబంధం చూస్తారని పిల్లనైన నాకు కూడా తెలుసు. నాకు ఏడుపొచ్చింది. పరుగెత్తుకెళ్ళి నాయనమ్మకు అంతా చెప్పేశాను.

మర్నాడు వదినే మా ఇంటికి వచ్చింది. "అవ్వా, కొంచెం చెక్క పొడి ఇస్తారా? కడుపులో మంటగా ఉంటుంది" అని గిన్నె చాపింది. నాయనమ్మ ఆమెను కూర్చోబెట్టి నాలుక చూసింది, కనురెప్ప కిందికి లాగి చూసింది, నెల తప్పిందేమోనని అడిగి కాదని తెలుసుకుంది. ఆ తర్వాత పొద్దున ఏం తిన్నావని అడిగింది. వదిన తల దించుకుంది. నిన్న పగలు ఏం తిన్నావని అడిగింది. వదిన ఖాళీ గిన్నెను ఒళ్ళోకి లాక్కుంది. నాయనమ్మ డబ్బా మూత పెట్టేసి, ఒక జొన్నరొట్టె, పెరుగు తెచ్చి ముందు పెట్టింది. వదిన రొట్టె తింటూ తింటూ కళ్ళు తుడుచుకుంది.

ఒక రోజు మేం పెడతాం, రేపు ఎవరు పెడతారు? నాయనమ్మ ఆ మాట తనలో తానే అనుకుంటూ మధ్యాహ్నమంతా ఇంట్లో అటూ ఇటూ తిరిగింది. పక్కింటికి పోయి, కోడలికి అన్నం పెట్టరా అని అడిగితే కొట్లాట అవుతుంది. పెద్దనాయన మొండి మనిషి, ముత్తాతల మాట తీసేయమంటే వినే రకం కాదు. పొద్దు వాలుతుండగా ఆమె డబ్బా పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని పక్కింటికి బయలుదేరింది. పెద్దనాయన మంచం మీద ఉన్నాడు, పెద్దమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నాయనమ్మ పెద్దమ్మతో మాట్లాడుతున్నట్టే ఉంది కానీ గొంతు మాత్రం మంచం దాకా వినిపించేలా పెట్టింది.

"నీ కోడలికి పెద్ద రోగమేం లేదు. కడుపుల గాలి చేరింది. గీ చెక్క మందు పారితే మంచిగ లేస్తది. కానీ పథ్యం జర కష్టం. మీతోని అయితదో కాదో."

కష్టమనేసరికి పెద్దనాయన మంచం మీద లేచి కూర్చున్నాడు. తమ ఇంటివాళ్ళతో కానిది ఏముంటుందని ఆయనకు పౌరుషం. నాయనమ్మ అప్పుడు పథ్యం చెప్పింది. పొద్దున కుండ దించగానే, ఎవరికీ పెట్టకముందే, పైనున్న వేడన్నం పిడికెడు తియ్యాలి. అందులో నెయ్యి వేసి చిటికెడు చెక్క పొడి కలపాలి. కూర్చుని, నమిలి తినాలి. నిలబడి మింగితే మందు పారదు.

పెద్దనాయన అడ్డం వచ్చాడు. "మంద దాటకముందు ఆడోళ్ళు అన్నం ముట్టొద్దు గద చిన్నమ్మా."

"అన్నం ఎవరు తినమన్నరు? ఇది మందు. మందుకు అన్నం తోడు, అంతే" అంది నాయనమ్మ. ఆయన ఆలోచనలో పడ్డాడు. ఆ సందులోనే ఆమె పెద్దమ్మ వైపు తిరిగి ఇంకో మాట వేసింది. "ఇంకోటి. మందు కలిపిన చెయ్యి ఎండొద్దు. కోడలితోని పాటు నువ్వు గూడ గంతే తినాలె. లేకుంటే నీ చేతికి వాసి రాదు, మందు వట్టిగ పోతది."

పెద్దమ్మ చాటలోంచి తలెత్తి నాయనమ్మ ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత మళ్ళీ రాళ్ళు ఏరుతూ, "సరే అత్తా" అంది.

ఆ మర్నాటి నుంచి రోజూ చిటికెడు పొడిని మోదుగాకు పొట్లంలో చుట్టి నాతో పంపేది. పొట్లం ఇచ్చి రావడం కాదు, వాళ్ళిద్దరూ తినేదాకా అక్కడే ఉండి రమ్మనేది. కుండ మూత తీసేసరికి ఆవిరి లేచేది. పెద్దమ్మ పైనున్న అన్నం తీసి, నెయ్యి వేసి, పొట్లం విప్పి పొడి చల్లి కలిపేది. వేడికి ఆ వాసన గుప్పుమనేది. మొదటి రోజు వదిన ఆ పిడికెడు అన్నం భయపడుతూ, గడప వైపు చూసుకుంటూ తిన్నది. కొన్నాళ్ళకు నాయనమ్మ కొత్త మాట పంపింది, మందు ముదరాలి కాబట్టి అన్నం పెంచాలని. పిడికెడు రెండు పిడికిళ్ళయింది, తర్వాత చిన్న గిన్నెడయింది, ఆ తర్వాత కంచం వచ్చింది. పొట్లంలో పొడి మాత్రం మొదటి రోజు ఎంతో ఆ రోజూ అంతే.

నేను చిన్నపిల్లనే కానీ గుడ్డిదాన్ని కాదు. నాకు దగ్గు వస్తే వట్టి తేనెలో ఇచ్చే నాయనమ్మ పక్కింటికి ఇంత పథ్యం ఎందుకు చెప్పిందని ఆమెనే అడిగాను. ఆమె జవాబు చెప్పకుండా నా నాలుక మీద కొంచెం వట్టి పొడి వేసింది. నేను ముఖం చిట్లించాను. తర్వాత నెయ్యన్నంలో కలిపి ఒక ముద్ద పెట్టింది. ఏది మంచిగుందని అడిగింది. అన్నంలోదే అన్నాను. "మరి వాళ్ళకు మాత్రం ఏది మంచిగుంటది?" అని నవ్వి లేచిపోయింది. నాకు సగమే అర్థమైంది.

ఆ సగం అర్థమే ఒకరోజు కొంప ముంచబోయింది. మంద బయలుదేరింది, పొలిమేర ఇంకా దాటలేదు. దొడ్డిలో ఒక గొర్రెపిల్ల మిగిలిపోయిందని పెద్దనాయన వెనక్కి వచ్చాడు. వాకిట్లో అత్తాకోడళ్ళు ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. ఇద్దరి ముందూ నిండు కంచాలు. వదిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"గిదేం మందు? కంచం నిండ ఉన్నది" అన్నాడు ఆయన.

"మందు ముదిరింది" అంది పెద్దమ్మ. ఆమె ఆయనకు ఎదురు మాట్లాడగా నేను ఎన్నడూ వినలేదు. ఆ రోజు కూడా గొంతు పెంచలేదు. "పిల్ల సూడు, లేసి తిరుగుతున్నది. సగంల ఆపితే మల్ల తిరగబెడ్తదట."

అక్కడితో ఆగిపోయేదేమో. మధ్యలో నేను నోరు తెరిచాను. నాకు తెలిసినది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు, ఇప్పటికీ అంతే. "పెద్దనాయినా, నాకు దగ్గొస్తే నాయనమ్మ అన్నం లేకుండనే ఇస్తది" అన్నాను.

వదిన ముఖం పాలిపోయింది. ఆయన కళ్ళు నా మీద నుంచి కంచాల మీదికి, కంచాల మీద నుంచి పెద్దమ్మ మీదికి పోయాయి. మందు వట్టిదని తేలితే ఆ రోజే అనంతగిరికి కబురు పోతుంది. పెద్దమ్మ కంగారు పడలేదు. తాపీగా ముద్ద కలుపుతూ అంది.

"దగ్గుకు వేరే, కడుపుకు వేరే. నీ పన్ను సలిపినప్పుడు అత్త దూదిల పెట్టిచ్చింది గద, అన్నంల పెట్టిచ్చిందా?"

పెద్దనాయన చెయ్యి తనంత తానే దవడ మీదికి పోయింది. ఆ పంటినొప్పి ఎలా పోయిందో ఆయనకు బాగా తెలుసు. దొడ్డిలోని గొర్రెపిల్లను భుజాన వేసుకుని బయటికి నడిచాడు. గుమ్మం దాటుతూ వెనక్కి తిరగకుండానే, "నెయ్యి ఉన్నదా, అయిపోయిందా?" అని అడిగాడు. ఉందని పెద్దమ్మ చెప్పింది. ఆయన వెళ్ళాక వదిన నన్ను దగ్గరికి లాక్కుని, తన కంచంలోంచే నాకో ముద్ద పెట్టింది.

వదిన కోలుకుంది. పుట్టింటికి తోలే మాట మళ్ళీ ఆ ఇంట్లో రాలేదు. ఆపైన జరిగినది నాయనమ్మ కూడా అనుకోనిది. ఆ ఏడు గొర్లు బాగా ఈనాయి, పిల్లలన్నీ బతికాయి. పెద్దనాయన అదంతా చెక్క మందు మహిమేనని తేల్చేశాడు. ఇంటి ఆడవాళ్ళు ఆ మందు తింటే మందకు అచ్చొస్తుందని గొర్లు మేపే చోటల్లా చెప్పుకొచ్చాడు. ఇంకేముంది, వాడలోని మగవాళ్ళే తమ పెళ్ళాలను మా ఇంటికి తరిమారు. నాయనమ్మ ఒక్కొక్కరికీ అదే పథ్యం అదే ముఖంతో చెప్పింది. వేడన్నం, నెయ్యి, కూర్చుని తినడం, కలిపిన చెయ్యి ఎండకపోవడం. వాళ్ళు అటు పోగానే తలుపు చాటుకు వచ్చి కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వేది. తాతయ్య మాత్రం సూర్యాపేటకు పోయినప్పుడల్లా చెక్క మోయలేక చస్తున్నానని గొణిగేవాడు.

పెద్దమ్మ ఆ మందును ఎంతవరకు నమ్మిందో నాకు చాలా ఏళ్ళు తెలియలేదు. నా పెళ్ళయి అత్తగారింటికి సూర్యాపేటకు బయలుదేరిన రోజు తెలిసింది. అప్పటికి నాయనమ్మ లేదు. పెద్దమ్మ నన్ను పక్కకు తీసుకుపోయి నా కొంగులో ఒక చిన్న పొట్లం ముడి వేసింది. విప్పకముందే వాసన తెలిసింది. అదే చెక్క పొడి. నేను నవ్వి, ఆ మందు సంగతి నీకు ఎప్పుడు తెలిసిందని అడిగాను.

"నాకు తెల్వదా బిడ్డా? మీ నాయనమ్మ తాన పొడి ఎన్నేండ్ల సంది తీస్కపోయిన, ఎన్నడన్న పథ్యం చెప్పిందా? ఆమె చెప్తుంటెనే సమజైంది. పిల్ల ఎండిపోతున్నదని నాకు కండ్లకు కనబడ్తలేదా? తినమని అననీకి నాకు ధైర్యం లేకుండె. ఆమె ఓ మాట ఇచ్చింది, పట్టుకున్న." అని కొంగు ముడిని ఇంకోసారి బిగించింది. "నేను గా ఇంటికి వచ్చిననాడు నాకు చెక్క ఇచ్చెటోళ్ళు ఎవ్వరు లేకుండిరి" అంది.

ఆ మాట నన్ను వదలలేదు. పెళ్ళికూతుర్ని కాబట్టి ఏడుస్తున్నానని అందరూ అనుకున్నారు. నేను ఏడ్చింది పెద్దమ్మ కోసం. వదిన ఆకలి అందరికీ కనిపించింది, ఆమెను కాపాడామని మేం సంబరపడ్డాం. అంతకంటే ఎక్కువ ఏళ్ళు పస్తులున్న మనిషి అదే వాకిట్లో చాట పట్టుకుని కూర్చుంటే నాయనమ్మ ఒక్కతే గమనించింది. కలిపిన చెయ్యి ఎండొద్దన్నది అందుకే.

ఇప్పుడు మా కోడలు సూర్యాపేటలో ఉద్యోగం చేస్తోంది. పొద్దున్నే లేచి అందరికీ వండి, డబ్బాలు కట్టి, తను మాత్రం ఫోనులో చెప్పినట్టు వేడినీళ్ళలో చెంచాడు చెక్క పొడి కలుపుకుని ఖాళీ కడుపున తాగి బస్సుకు పరుగెత్తేది. కొన్నాళ్ళు చూశాను. సాయంత్రం వచ్చి కడుపులో మంట అని పడుకుంటే ఇక ఊరుకోలేదు. మర్నాడు ఆమె చేతిలోంచి చెంచా లాక్కున్నాను. చెక్క మంచిదేననీ, చెంచాడు మాత్రం మంచిది కాదనీ చెప్పాను. మేం ఎప్పుడూ చూపించుకునే డాక్టరమ్మ కూడా ఎక్కువైతే లివర్‌కు దెబ్బ అని హెచ్చరించింది. కుండలోంచి మొదటి అన్నం తీసి, నెయ్యి వేసి, రెండు వేళ్ళతో పొడి చల్లి ముందు పెట్టాను. మా నాయనమ్మ నాటి పథ్యమనీ, కూర్చుని తింటేనే మందు పారుతుందనీ గంభీరంగా చెప్పాను.

కోడలు కంచం వైపు చూసింది, నా వైపు చూసింది. ఆమె తెలివైన పిల్ల. పక్కనున్న కుర్చీ లాగి, ఇంకో కంచంలో అన్నం పెట్టి నా ముందుకు జరిపింది.

"మీరూ కూర్చోండి అత్తయ్యా. పొద్దున్నుంచి మీరూ ఏం తినలేదు, నాకు తెలీదనుకున్నారా?" అంది.

కలిపిన చెయ్యి ఎండొద్దన్న ఆ రెండో పథ్యం సంగతి నేను ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. కూర్చున్నాను. బస్సు వేళయ్యేదాకా ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని వేడన్నం తిన్నాం. అప్పటి నుంచి రోజూ అలాగే తింటున్నాం.